పడవ పెట్రోలుతో వేసిన గ్రిప్పులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఏప్రిల్ మొదటి వారంలో నాకు ఒక పని అప్పగించారు. గన్నవరం వైపున్న ఒక గోల్ఫ్ మైదానంలో పరికరాల సూపర్‌వైజరుగా అప్పటికి నాకు పదకొండో ఏడు నడుస్తోంది. పదవీ విరమణకు రెండు నెలలున్నాయి. నాగబాబు అనే మా సిబ్బందిలోని మనిషి కర్రలకు పాత గ్రిప్పులు తీసి కొత్తవి వేయాలి. గడువు ఒక్క పగలు.

గోల్ఫులో బంతిని కొట్టేదాన్ని క్లబ్ అంటారు. ఆడుకునే సంస్థనూ క్లబ్ అనే అంటారు. ఈ గందరగోళం పడలేక మా సిబ్బంది అంతా దాన్ని కర్ర అనేవాళ్ళు. నిజానికి అది ఉక్కు గొట్టం. నేనూ ఇక్కడ కర్ర అనే రాస్తాను. ఆ గొట్టం పైకొనకు జానెడున్నర పొడవున తొడిగే రబ్బరు తొడుగే గ్రిప్పు. మన ప్రాంతపు ఉక్కకు, చేతుల చెమటకు అది ఏడాదిన్నరలో గట్టిపడి నున్నబడుతుంది. అప్పుడు బంతిని తాకే క్షణంలో కర్ర చేతిలో వెంట్రుకవాసి తిరుగుతుంది. ఆ వెంట్రుకవాసి బంతి పడేచోటికి ఇరవై గజాల తేడా అవుతుంది.

మా మైదానంలో మేనేజరు కింద ఇద్దరు సూపర్‌వైజర్లం. గడ్డి, నీళ్ళు, యంత్రాలు ఒకరివి. కర్రలు, బంతులు, సంచులు, మరమ్మతులు నావి. మా ఇద్దరి కింద కాడీలు, అంటే సభ్యుల సంచులు మోస్తూ ఏ కర్ర తియ్యాలో చెప్పేవాళ్ళు. నాగబాబు కాడీ. బందరు దగ్గర సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం వాళ్ళది. పద్దెనిమిదేళ్ళప్పుడు సంచులు మొయ్యడానికి వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చేసరికి సభ్యుల్లో చాలామంది కంటే బాగా ఆడేవాడు, కొత్తవాళ్ళకు నేర్పేవాడు కూడా. అయినా కాగితం మీద అతని హోదా కాడీయే.

కోచ్ కావాలంటే హైదరాబాదు శివార్లలో జరిగే పరీక్ష ఒకటి నెగ్గాలి. ఒకే రోజు రెండు రౌండ్లు, అంటే మైదానంలోని పద్దెనిమిది గుంటలూ రెండుసార్లు ఆడి, నిర్ణయించిన దెబ్బల లోపు ముగించాలి. ముందు ఏడాది అతను మూడు దెబ్బల తేడాతో తప్పాడు. తప్పడానికి కారణం అరిగిన గ్రిప్పులేనని నేనే మేనేజరుకు రాసిచ్చాను. ఆయన రెండోసారి పంపడానికి ఒప్పుకున్నాడు కానీ ఇదే ఆఖరన్నాడు. ఈసారీ తప్పితే కోచ్ ఉద్యోగానికి ప్రకటన ఇచ్చి బయటి మనిషిని తీసుకుంటారు. నాగబాబు జీవితాంతం సంచులు మోస్తాడు.

కొత్త గ్రిప్పులు కొరియర్లో చేరేసరికి పరీక్షకు ఒక్క పగలే మిగిలింది. మర్నాడు సాయంత్రం ఆరింటికి అతని బస్సు. ఆ మర్నాడు పొద్దున ఏడున్నరకు పరీక్ష.

స్టోరు గదిలో పెట్రోలు డబ్బా మూత తియ్యకూడదని అగ్నిమాపక తనిఖీ తర్వాత ఆదేశం వచ్చింది. అందుకని గ్రిప్పుల పని మాత్రం గుణదలలో మా ఇంటి వరండాలో చేసేవాణ్ణి. అక్కడ పాత బల్లకు, కర్ర కదలకుండా పట్టి ఉంచే బెంచి వైసు ఒకటి బిగించి ఉంచుకున్నాను. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. నేను పదో తరగతి చదివి, ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఫిట్టరుగా చేసినవాణ్ణి. మిగిలిందంతా మా పేట శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. జిగుర్ల గురించి, ద్రావకాల గురించి ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను. గడువు పొడిగించమని వెళ్ళిన ప్రతిసారీ లైబ్రేరియన్ గారు, ఈ పుస్తకం మీరు తప్ప ఎవరూ ముట్టలేదండీ అనేవారు. ఆ మాట నాకు బాగుండేది.

పని క్రమం ఇదీ. పాత గ్రిప్పును కొక్కెం ఉన్న కత్తితో నిలువునా చీల్చి వలిచేస్తాం. కింద ఉన్న పాత టేపును గీకి, గొట్టాన్ని తుడిచి, రెండువైపులా జిగురుండే టేపు చుడతాం. గ్రిప్పు చివర చిన్న కన్నం ఉంటుంది. దాన్ని వేలితో మూసి లోపల కొంచెం పెట్రోలు పోసి ఆడించి, ఆ పెట్రోలునే టేపు మీద పోస్తాం. తడిసిన జిగురు జారుడుగా మారుతుంది. అప్పుడు గ్రిప్పును ఒక్క ఊపులో చివరిదాకా తొయ్యాలి. పెట్రోలు ఆవిరైపోగానే జిగురు మళ్ళీ పట్టుకుంటుంది. మధ్యలో ఆగితే గ్రిప్పు అక్కడే అతుక్కుపోతుంది. ఏప్రిల్ ఎండలో మన దగ్గర పెట్రోలు మనిషి ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆగదు.

పెట్రోలు దగ్గరే చిక్కు వచ్చింది. బంకుల్లో సీసాలో పొయ్యరు. నా బండి అప్పటికే బ్యాటరీ బండి. ఆ మాట చెబితే నాగబాబు, మా బావ తెస్తాడండీ అన్నాడు. అతని బావ వీర్రాజు రోజూ తెల్లవారకముందే బందరులో బయల్దేరి ట్రాలీ ఆటోలో చేపలు వేసుకుని బెజవాడ వస్తాడు. పడవ ఇంజనుకు పోసే పెట్రోలు వాళ్ళింట్లో ఎప్పుడూ ఉంటుంది. పొద్దున ఏడింటికి వీర్రాజు రెండు లీటర్ల డబ్బా మా గేటు దగ్గర దించి, చేపలు పాడైపోతాయంటూ ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఎనిమిదిన్నరకు మొదలుపెట్టాం. పెట్రోలును గిన్నెలో వంచితే లేత నీలం రంగు కనిపించింది. కాఫీ ఇవ్వడానికి వచ్చిన మా ఆవిడ రత్నకుమారి అదేం రంగని అడిగింది. రకాన్ని గుర్తుపట్టడానికి కంపెనీలు పెట్రోలులో రంగు కలుపుతాయని నేను చదివి ఉన్నాను. అదే చెప్పాను. కొంచెం వివరంగానే చెప్పాను. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అంతా విని, "ఇల్లంతా పెట్రోలు బంకులా ఉంది. దేవుడి దగ్గర దీపం ఇవాళ వెలిగించమంటారా, వద్దంటారా?" అంది.

నేను రాసుకున్న నియమం ఒకటుంది. ముందు ఒక్క కర్రకు వేసి రెండు గంటలు ఆగాలి, అది పట్టుకున్నాక మిగిలినవి. ఆ రోజు ఆగలేదు. టైము లేదన్నది ఒక కారణం. రెండోది, మొదటి గ్రిప్పు ఎప్పుడూ లేనంత సులువుగా ఎక్కింది. రెండోదీ అంతే. ఆ ఎండలో కూడా పెట్రోలు తొందరపెట్టలేదు. గ్రిప్పు మీది గీతను, బంతిని తాకే కర్ర ముఖానికి సూటిగా సరిచెయ్యడానికి కావలసినంత వ్యవధి దొరికింది. నా చెయ్యి తిరిగిందనుకున్నాను. పదకొండు గంటలకల్లా పదమూడు కర్రలూ గోడకు ఆనించి నిలబెట్టాం. పద్నాలుగోది పటర్, అంటే బంతిని గుంటలోకి నెట్టే కర్ర. దాని గ్రిప్పు బాగానే ఉందని వదిలేశాం.

భోజనాలయ్యాక ఒంటిగంటన్నరకు నాగబాబు పెద్ద కర్ర ఒకటి తీసి, కొట్టేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. రెండుసార్లు మెలి తిప్పాడు. తర్వాత దాన్ని నా చేతికిచ్చాడు.

"బాబాయ్ గారూ, ఇది తిరుగుతోందండీ."

ఇంకా ఆరలేదని చెప్పాను. ఏప్రిల్ ఎండలో రెండున్నర గంటలకు ఆరకపోవడం ఉండదని చెబుతున్నప్పుడే నాకు తెలుసు. మిగిలిన పన్నెండూ చూశాం. అన్నీ తిరుగుతున్నాయి. కొత్తగా ఎక్కించిన గ్రిప్పులు పాతవాటి కంటే అన్యాయంగా ఉన్నాయి. పాతవి వెంట్రుకవాసి తిరిగేవి, ఇవి వేళ్ళతో తిప్పితే గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇంకో అరగంట ఆగి చూశాం. తేడా లేదు. ఒక గ్రిప్పు అంచును గోటితో ఎత్తి వేలు లోపలికి పెట్టాను. వేలు జిడ్డుగా బయటికొచ్చింది.

వీర్రాజుకు ఫోను చేశాం. నాగబాబు స్పీకర్లో పెట్టాడు. ఆ పెట్రోలులో ఏం కలిపావని నేను అడిగాను.

"ఏం కలుపుతామండీ, ఆయిలు. ఇంజనుది. మేం బంకు కాడే కలిపేస్తామండీ, నడిసముద్రంలో మర్చిపోతే ఇంజను పట్టేస్తది గదా." అంతలోనే, "ఏవండీ, బండిలో పోశారా?" అన్నాడు.

అతని తప్పు ఇందులో ఏమీ లేదు. వాళ్ళ ఊళ్ళో డబ్బాలో పెట్రోలంటే ఆయిలు కలిపినదే. కలపని పెట్రోలు డబ్బాలో ఉండడమే వాళ్ళకు వింత. ఆ నీలం రంగు ఆయిలుది. పెట్రోలు ఆవిరైపోయింది, ఆయిలు గ్రిప్పుకూ టేపుకూ మధ్య ఉండిపోయింది. ఎన్ని రోజులుంచినా అది ఆరదు.

రెండు దాటింది. కోసి తీసేద్దామంటే గ్రిప్పులు ఈ ఒక్క సెట్టే. బెజవాడలో ఎక్కడా దొరకవు. కొయ్యకుండా చేత్తో లాగితే రావు. లాగినకొద్దీ రబ్బరు సాగి సన్నబడి గొట్టాన్ని ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. పాత కర్రలతో వెళ్ళనా అని నాగబాబు అడిగాడు. ఆ పాత గ్రిప్పులు చీలికలై మా వరండాలో కుప్పగా ఉన్నాయి. అతను వాటివంక చూసి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చీల్చకుండా గ్రిప్పు తియ్యడానికి ఒక పద్ధతి ఉందని చదివాను. చివర ఉన్న కన్నంలోంచి గాలి ఒత్తిడితో పంపితే రబ్బరు ఉబ్బి గొట్టాన్ని వదులుతుంది. చదివానే కానీ ఎప్పుడూ చెయ్యలేదు. గాలి కంప్రెసర్ కావాలి. సంచి, పెట్రోలు డబ్బా ఆటోలో పడేసి ఆటోనగర్ వెళ్ళాం.

మస్తాన్ అక్కడ లారీ టైర్ల షాపు నడుపుతాడు. బస్సు బాడీల షెడ్డులో నేను ఫిట్టరుగా ఉన్నప్పుడు పక్క బెంచీలో పనిచేసినవాడు. విషయం చెప్పాను. కర్రను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"లైబ్రరీ మొత్తం తాగేసినోడివి గదరా. డబ్బా మూత తీసి వాసన చూళ్ళేదా? మా షాపులో గాలి కొట్టేవోడు కూడా చెప్తాడు అది టూటీ ఆయిలని."

అతని చేతిలోని కర్ర కొనన ఉన్న కన్నం చూపించాను.

గాలి గొట్టం చివర సన్నటి నాజిల్ బిగించి, కన్నానికి ఆనించి మీట నొక్కాడు. కంప్రెసరు లారీ టైర్ల లెక్కన పెట్టి ఉందన్న సంగతి మా ముగ్గురికీ తట్టలేదు. గ్రిప్పు మధ్యలో బుడగలా లేచి, పెద్ద చప్పుడుతో పగిలింది. పక్క షాపుల వాళ్ళు ఏ టైరో పేలిందని బయటికొచ్చారు. నాగబాబు పగిలిన ముక్కను తీసి, అది ఏ కర్రదో చూసుకున్నాడు. మూడో నంబరు ఐరన్, అంటే పల్చటి ఇనుప తల ఉన్న కర్ర. ఎక్కువ దూరాలకు, ఎదురుగాలికి వాడేది.

"ఇంక పన్నెండేనండీ," అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. అతని చేతులు మాత్రం ప్యాంటు జేబుల్లోకి వెళ్ళాయి, చాలాసేపు బయటికి రాలేదు.

మస్తాన్ నవ్వు ఆగిపోయింది. కంప్రెసరు ఒత్తిడిని సైకిలు ట్యూబుకు సరిపోయేంత తగ్గించాడు. నేను గ్రిప్పు మధ్యభాగాన్ని రెండు చేతులా పట్టుకుని ఉబ్బనివ్వకుండా ఆపాను. ఇంకాస్త ఇంకాస్త అంటూ మస్తాన్ మీట నొక్కాడు. రబ్బరు నా అరచేతుల కింద కదిలింది, మెల్లగా పైకి జారి చేతిలోకి వచ్చేసింది. ఆ జిడ్డు అప్పుడు మాకు పనికొచ్చింది. మూడుంబావుకు పన్నెండు గ్రిప్పులూ గుడ్డ మీద ఉన్నాయి.

ఇప్పుడు టేపు కావాలి, శుభ్రమైన పెట్రోలు కావాలి. పెయింటర్ల థిన్నరు వాడమని మస్తాన్ అన్నాడు. అది రబ్బరును తినేస్తుంది, వద్దన్నాను. టేపు కోసం నాగబాబు నంబరు ప్లేట్ల స్టిక్కర్లు అంటించే షాపుకు పరిగెత్తాడు. వాళ్ళు మొదట ఇచ్చింది స్పాంజి టేపు. అది మందం, గ్రిప్పు ఎక్కదు. మళ్ళీ వెళ్ళి పల్చటి కాగితం టేపు తెచ్చాడు. ఈలోగా మస్తాన్ తన మోటారు సైకిలు పెట్రోలు పైపు ఊడదీసి సీసాలోకి పట్టాడు.

ఈసారి ఆగాను. క్యాలెండరు కాగితం ఒకటి చించి తిరగేశాను. ఒకచోట వీర్రాజు డబ్బాలోది ఒక చుక్క, ఇంకోచోట మస్తాన్ బండిలోది ఒక చుక్క వేశాను. ఈ పరీక్ష ఆ జిగుర్ల పుస్తకంలోనే ఉంది. ఒక నిమిషానికి బండి చుక్క జాడ లేకుండా పోయింది. డబ్బా చుక్క ఉన్నచోట కాగితం నూనె పకోడీల పొట్లంలా మెరుస్తోంది. పొద్దున వరండాలో ఇది చెయ్యడానికి ఒక్క నిమిషం పట్టేది.

గొట్టాల మీది జిడ్డు టేపును గీకేసి, రెండుసార్లు తుడిచాం. గ్రిప్పుల లోపల సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి, పెట్రోలులో ముంచి, గుడ్డకు జిడ్డు అంటకుండా వచ్చేదాకా తుడిచాం. ఒక్కోదానికి మూడు నాలుగు గుడ్డ ముక్కలు పట్టాయి. టైము నాలుగుంబావు.

ఒకే ఒక కర్రకు వేశాను. ఏడో నంబరు. ఈసారి పెట్రోలు తన స్వభావం చూపించింది. సగం దూరంలో గ్రిప్పు బిగుసుకుంటుంటే పళ్ళు బిగపట్టి ఒక్క తోపు తోశాను. వెళ్ళింది. దాన్ని ఫ్యాను ముందు పెట్టి ఆగాం. మిగిలినవి కూడా వేసేద్దామండీ, టైము పోతోంది అని నాగబాబు రెండుసార్లు అన్నాడు. వద్దన్నాను. బస్టాండుకు వెళ్ళడానికి అరగంట తీసేస్తే మాకున్నది గంటంబావు. అందులో ఇరవై నిమిషాలు ముగ్గురం ఒక కర్ర ముందు ఊరికే కూర్చున్నాం. ఆ పనిలో నాకు అన్నిటికంటే కష్టమనిపించింది ఆ ఇరవై నిమిషాలే.

తర్వాత అతన్నే పట్టుకోమన్నాను. మెలి తిప్పాడు. ఇంకా గట్టిగా తిప్పాడు.

"కదల్లేదండీ."

మిగిలిన పదకొండూ మొదలుపెట్టాం. మస్తాన్ టేపు చుట్టాడు, నేను ఎక్కించాను, నాగబాబు గీత సరిచూశాడు. అయిదున్నర దాటాక ఆఖరిది ఎక్కింది. తుడవడానికి కూడా టైము లేదు. మస్తాన్ తన బండికి పైపు బిగించి నాగబాబును వెనక ఎక్కించుకున్నాడు. బండి కదలబోతుంటే నాగబాబు అడిగాడు.

"రేపు ఇయ్యి తిరగవు గదా బాబాయ్ గారూ?"

తిరగవని చెప్పాలని ఉంది. "తెలీదు. నేను చూసింది ఒక్కటే. పొద్దున్నే లేచి ఒక్కోటీ మెలి తిప్పి చూడు. ఏదన్నా కదిలితే దాన్ని సంచిలోంచి తీసెయ్యి, మొహమాటపడకు," అన్నాను. పొద్దుటిదాకా ఏ కర్రా ముట్టుకోవద్దని, సంచిని నిలబెట్టి ఉంచమని చెప్పాను. తలూపాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఫోను చేశాడు. పన్నెండింట్లో అయిదో నంబరు కొంచెం కదులుతోందని, తీసేశానని చెప్పాడు. దాని లోపల నేను సరిగ్గా తుడవలేదన్నమాట. పదకొండు కర్రలు, పటర్. పరీక్షకు వచ్చే మిగతా అందరి దగ్గరా పద్నాలుగు ఉంటాయి.

ఆ రోజంతా స్టోరులో కూర్చున్నాను. మేనేజరు వచ్చి గ్రిప్పులు బాగా కుదిరాయా అని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన సాయంత్రం చూద్దాం అని వెళ్ళిపోయాడు. అయిదింటికి నాగబాబు ఫోను వచ్చింది. గొంతు అలిసిపోయి ఉంది.

"లెక్క లోపలే ఉన్నానండీ. ఒక్క దెబ్బ మిగిలింది."

పదో గుంట దగ్గర ఎదురుగాలిలో మూడో నంబరు కావలసి వచ్చిందని, అది లేక వేరేది వాడితే బంతి నీళ్ళలో పడిందని, రెండు దెబ్బలు అక్కడే పోయాయని తర్వాత చెప్పాడు. అంటే అతను నెగ్గింది తన ఆటతో. నా పనివల్ల పోయినవి రెండు దెబ్బలు. ఇంకో రెండు పోయి ఉంటే అతనికి ఆ ఉద్యోగం లేదు. నెల తిరిగేసరికి అతన్ని కోచ్‌గా నమోదు చేశారు.

నేను దిగిపోయేముందు మరమ్మతుల రిజిస్టరులో ఈ సంగతి రాసి సంతకం పెట్టాను. దాని కింద రెండు నియమాలు చేర్చాను. బయటినుంచి వచ్చిన ఏ ద్రవాన్నైనా కాగితం మీద చుక్క వేసి చూడాలి. ఎంత తొందరైనా మొదట ఒక్క కర్రకు వేసి, అది పట్టుకున్నాకే రెండోది ముట్టాలి.

ఇందులో నేను నేర్చుకున్నది వేరే ఉంది, అది నియమంగా రాయడానికి కుదరలేదు. ఆ నీలం రంగు గురించి నాకు ఏమీ తెలియకపోయి ఉంటే పొద్దున్నే వీర్రాజుకు ఫోను చేసి అడిగేవాణ్ణి. పెట్రోలుకు రంగు కలుపుతారని నేను చదివింది అబద్ధం కాదు. కానీ అది ఆ డబ్బా గురించి కాదు. జవాబు నా దగ్గర సిద్ధంగా ఉండడం వల్ల ప్రశ్న అడగడం మానేశాను. ఇప్పటికీ గ్రంథాలయానికి వెళ్తాను, పుస్తకాలు తెచ్చుకుంటాను. ఒక వస్తువు చేతికి వచ్చినప్పుడు మాత్రం దాని గురించి నాకు తెలిసింది చెప్పేముందు, దాన్ని తెచ్చినవాణ్ణి అడుగుతాను.